మోటారుబండి ముక్కులో నీరు

ఆషాఢము ప్రవేశించినదన్న మన సిరొంచ వారికి నీటి మాట తప్ప వేరొకటి తోచదు. పడమట ప్రాణహిత, దక్షిణమున గోదావరి, తూర్పున సోమనూరు దగ్గర వచ్చి కలియు ఇంద్రావతి. 2022 జూలైలో వచ్చిన వరదకు ఈ తాలూకాలో ఎన్నో గ్రామములు నీట మునిగి, జనులు ఇండ్లు విడిచి మెరక తావులకు పోవలసివచ్చినది. పెద్ద నదులపై వంతెనలు వెలసినను, నడుమ నడుమ వాగులును, వానిపై చప్టాలును ఉండనే ఉన్నవి. (మనము వాగు అనుదానినే మరాఠీ సోదరులు నాలా అందురు, పేరు వేరైనను పొంగుటలో భేదము లేదు.) జిల్లా కేంద్రమైన గడ్చిరోలి మనకు సుమారు 200 కిలోమీటర్ల దూరము. పురిటినొప్పులు పడుచున్న ఇల్లాలిని ఎక్కించుకొని పోవు జీపు చప్టా నడుమ ఆగిపోయినచో ఆ ఇంటివారి గతి ఏమగునో మేము వేరుగ వ్రాయనక్కరలేదు. బండి అట్లు ఆగుటకు గల కారణములలో ఒక్కదానిని మాత్రమే ఇచట చెప్పదలచితిమి. అది ఇంజను నీరు త్రాగుట.

ఇంజను గాలి పీల్చి బ్రదుకును. పీల్చుట, నొక్కుట, మండుట, వెడలగొట్టుట అను నాలుగు పనులను పిస్టను వరుసగా చేయును. 1876లో జర్మనీ దేశీయుడగు నికొలాస్ ఆటో ఇట్టి ఇంజనును నడిపి చూపెను. ఈ నాలుగు పనులు ముగియుటకు ఇంజను రెండు చుట్లు తిరుగవలెను. 2 లీటర్ల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడది నిమిషమునకు సుమారు 2000 లీటర్ల గాలిని పీల్చుచుండును. ఇంత బలముగ పీల్చు గొట్టపు మూతి నీటికి తగిలినచో గాలికి బదులు నీరే లోనికి పోవుటలో వింత లేదు.

నీరు పోయినచో హాని యేమి? దీనిని తెలిసికొనుటకు ఒక చిన్న ప్రయోగము చేయుడు. సూది లేని క్రొత్త సిరంజిని తెచ్చి, అందు గాలి నింపి, మూతిని వ్రేలితో గట్టిగ మూసి, ముషలకమును నొక్కుడు. అది కొంత దూరము దిగును. వదలిన వెనుకకు వచ్చును. ఇప్పుడు గాలిబుడగ లేకుండ నీరు నింపి మరల నొక్కుడు. రవంతయు కదలదు. గాలి అణగును, నీరు అణగదు. వాతావరణపు ఒత్తిడికి మరియొక్క రెట్టు కలిపినను నీటి పరిమాణము ఇరువది వేలవ వంతైనను తగ్గదు.

ఇక లెక్కకు వత్తము. పై తరగతులవారు కాగితము, పెన్సిలు తీసికొనుడు. 2 లీటర్ల డీజిలు ఇంజనుకు నాలుగు సిలిండర్లున్నచో, పిస్టను ఒక్కొక్కదానిలో 500 ఘన సెంటీమీటర్ల మేర కదలును. గాలిని 17 వంతులనుండి ఒక వంతునకు నొక్కునట్టి ఇంజను అనుకొందము. పిస్టను కదలిన మేర 16 వంతులు. కనుక పైన మిగులు చోటు 500 ÷ 16, అనగా సుమారు 31 ఘన సెంటీమీటర్లు. చిన్న చెంచాకు 5 ఘన సెంటీమీటర్ల నీరు పట్టును. ఆరు చెంచాలకు కొంచెము మించిన నీరు ఒక సిలిండరులో చేరినచో పిస్టను పైకి పోజాలదు. కాని మిగిలిన సిలిండర్లును, బండి వేగమును దానిని పైకి తోయుచునే యుండును. అప్పుడు పిస్టనును పట్టియున్న కడ్డీ వంగును. ఒక్కొక్కప్పుడు విరిగి ఇంజను గోడను చీల్చుకొని వెలికి వచ్చును. 100 ఘన సెంటీమీటర్ల మోటారు సైకిలు గాలిని 9 వంతులనుండి ఒక వంతునకు నొక్కునదైనచో ఎన్ని చెంచాలు చాలునో మీరే తేల్చుడు. మాకు వచ్చిన జవాబు రెండున్నర.

అట్లని వానచినుకు పడినంతనే భయపడ పనిలేదు. సన్నని తుంపర గాలితో కలిసి పోయినచో వేడికి ఆవిరియై పోవును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కొన్ని విమానముల ఇంజనులలోనికి నీటిని మిథనాలుతో కలిపి కావలెననియే చిమ్మెడివారు. అది లోని వేడిని తగ్గించి బలమును పెంచెడిది. చినుకు వేరు, గుక్క వేరు.

బండి తయారుచేయువారు ఈ సంగతి ఎరుగుదురు. అందుచేత గాలి గొట్టపు మూతిని సాధారణముగ ముందు దీపములకు వెనుక ఎత్తున అమర్చి, ఫిల్టరు పెట్టె అడుగున నీరు కారిపోవుటకు చిన్న రంధ్రమునుంచుదురు. చిక్కంతయు మనవారు దానిని మార్చుటలో వచ్చుచున్నది. ఇంజను మ్రోత గంభీరముగ నుండవలెననియు, చల్లని గాలి దొరికినచో బలము హెచ్చుననియు, కొందరు యువకులు ఆ పెట్టెను పీకివేసి, శంకువు ఆకారపు ఫిల్టరును గొట్టము చివర తగిలించి బంపరు వెనుక క్రిందికి దించుచున్నారు. చల్లగాలి మాట నిజమే. కాని చప్టాపై నీరు మొట్టమొదట తాకునదియు ఆ చోటే! మేమెరిగిన ఒక యువకుడు ఇట్లే చేసి, మోకాటిలోతు నీటిలో జీపును ఆపుకొనెను. వాని తండ్రి దానిపై తెచ్చిన అప్పు ఇంకను తీరలేదు.

నూనె పూసిన నూలు ఫిల్టరు నీటినాపునని కొందరి నమ్మకము. అది ధూళినాపును, మునిగినచో నీటినాపజాలదు. కాగితపు ఫిల్టరు తడిసినచో గాలినే ఆపును. నీరంటని గుడ్డతొడుగులు వానజల్లునకు మంచివే గాని మునకకు కావు. ఫిల్టరు మునిగినప్పుడు తెరచుకొని పైనుండి గాలినిచ్చు రబ్బరు కవాటమొకటి అమ్ముదురు. టర్బో గల ఇంజనులకు అది సాధారణముగ సరిపడదు, నేటి డీజిలు జీపులు చాలవరకు టర్బోవే. మా అభిప్రాయమున గొట్టపు మూతి ఎత్తునకు సాటివచ్చు సాధనము వేరొకటి లేదు. గొట్టమును కప్పువరకు లేపి నిలువుగ అమర్చువారు అతుకులను పరీక్షింపవలెను. క్రింద ఒక్క అతుకు వదులైనను పైనున్న మూతి వ్యర్థము. మూతి ముందుకు తిరిగియున్నచో అందు వాననీటిని ప్రక్కలకు చిమ్మి జార్చు సందులుండవలెను, లేదా మూతిని వెనుకకు త్రిప్పవలెను.

నీటిలో వేగముగ పోయినచో బంపరు ముందు నీరు గుట్టవలె లేచును, మోకాటిలోతు తొడలోతగును. ఎదురు వచ్చు లారీ లేపిన అలయు అంతే. కావున లారీని పోనిచ్చి, మెల్లగ, ఆగకుండ సాగవలెను. పారు నీటి లోతు తెలియనప్పుడు దిగనే కూడదు.

బండి నీటిలో ఆగెనా, తాళము మరల త్రిప్పరాదు. తొందరలో అందరును చేయు తప్పు ఇదియే. ఆగినప్పటికి కొంచెము నీరే పోయియుండవచ్చును. మరల త్రిప్పుటవలననే కడ్డీ వంగవచ్చును. బండిని మెరకకు త్రోసి, ఫిల్టరు విప్పి చూడవలెను. అది తడిసియున్నచో మెకానిక్కును పిలిపించి, పెట్రోలు బండికి ప్లగ్గులు, డీజిలు బండికి ఇంజెక్టర్లు విప్పించి, ఇంజనును మెల్లగ త్రిప్పించి నీరు వెడలగొట్టించవలెను. నూనె పాలవలె తెల్లబడియున్నచో దానిని మార్చక నడుపరాదు.

మీ యింట ట్రాక్టరున్నచో దాని గాలిగొట్టము నిలువుగ లేచి టోపీ పెట్టుకొనియుండుట చూచియుందురు. కొన్నిటికి ఫిల్టరు డబ్బా అడుగున పెదవులవంటి రబ్బరు ముక్క యొకటి వ్రేలాడుచుండును. ఇంజను ఆగియున్నప్పుడు, నాన్నగారి అనుమతితో, దానిని వ్రేళ్ళతో నొక్కి చూడుడు. వానాకాలమున ధూళితోపాటు నీరును పడును. దానిని ఒక చెంచాలో పట్టి కొలువుడు.