పెద్దమ్మ ఎరుక బుక్కులోకి ఎక్కాలె

నారాయణఖేడ్‌లో కిరాణా సేటు ఖాతా బుక్కు చూడనిదే సరుకు తేడు. రెండెకరాల సేద్యం కూడా వ్యాపారమే కదా! కాని మన లెక్కంతా ఇంట్లో పెద్దమ్మ బుర్రలోనే ఉంటుంది. ఏ చెల్కలో ఏ జొన్న నిలిచింది, ఏ కంది పురుగుకు తట్టుకుంది, ఆమెకే ఎరుక.

మా ఇంట్లో ఇదే జరిగింది. మా అమ్మ మూడు రకాల జొన్న విత్తనం మూడు బుట్టల్లో దాచేది. ఆమె పోయినంక బుట్టలు మిగిలాయి గాని, ఏది పునాసకో, ఏది మాఘికో చెప్పేవారు లేరు. చివరికి పిండి పట్టించుకొని తిన్నాం.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ నష్టాన్ని ముందే పసిగట్టాయి. ఊరి విత్తన బ్యాంకులో ఒక కొలత తీసుకుంటే, పంట వచ్చాక రెండు కొలతలు తిరిగి ఇవ్వాలె. విత్తనంతో పాటు దాని ముచ్చట కూడా చేతులు మారుతుంది. ఎప్పుడు చల్లాలె, దేనితో కలిపి వేయాలె అనేది ఇచ్చే ఆమె చెప్పి ఇస్తుంది. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తీసి ఊరూరా చూపించారు. మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. బడి ముఖం చూడని మహిళలు కెమెరా పట్టి తమ సేద్యాన్ని తామే చిత్రించారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

మనకు అంత హంగు అక్కర్లేదు. బడికి పోయే పిల్లవాడి చేత ఒక నోటుబుక్కులో రాయించండి. చేను పేరు, విత్తనం ఎవరిచ్చారు, ఏ కార్తెలో చల్లారు, ఎన్ని బస్తాలు వచ్చాయి, ఇంతే. తప్పిన పంటను కూడా రాయాలె. మనవాళ్లు అది దాస్తారు గాని, పక్కవాడికి పనికొచ్చేది అదే. రాయడం కుదరకపోతే పెద్దమ్మ మాటలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. బుట్టకు ఒక చీటీ కట్టండి.

విత్తే ముందు 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, వారం తర్వాత లెక్కపెట్టండి. జొన్న గాని, కంది గాని 75 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనాన్ని నమ్మొద్దు. ఆ లెక్క కూడా బుక్కులో ఎక్కించండి.

ఇంటి విత్తనం దాచడం, మార్చుకోవడం తప్పేమో అని కొందరు జంకుతున్నారు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల రక్షణ చట్టం ప్రకారం ఆ హక్కు రైతుదే. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మరాదు.