గది దాటకూడనివి

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు కమిషనర్‌గా ఛార్జి తీసుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పిన రోజు నాకు నోట మాట రాలేదు. మన ఇంట్లో మునిసిపాలిటీ ఉప్పు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. ఇప్పుడు నువ్వూ తోడయ్యావు.

మొన్న ఫోన్లో ఒక మాటన్నావు. "చెత్త బళ్లు, నీళ్ల ట్యాంకులు నేను చూసుకోగలను పెదనాన్నా, పై అంతస్తులో అరవై కెమెరాల తెరలున్న గదొకటుంది, దానికి జవాబుదారీ ఎవరంటే ఆఫీసులో ఒక్కరూ నోరు విప్పడం లేదు" అని. ఆ మాట అప్పట్నుంచీ నా మనసులోంచి పోవడం లేదు. నా సర్వీసులో చివరి ఆరేళ్లు అలాంటి గదినే కనిపెట్టుకుని ఉన్నాను. ఇది ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

నీ ఊళ్లోనూ మా ఊళ్లో లాంటి కథే నడిచి ఉంటుంది. స్తంభాలు మునిసిపాలిటీవి. బజారు కెమెరాలు కొన్ని పోలీసుల 'నేను సైతం' పిలుపు మీద వ్యాపారులు చందాలేసుకుని పెట్టించినవి. ఇంకొన్ని ఏదో నిధుల్లోంచి వచ్చినవి. తెరలు మీ ఆఫీసులో ఒక వరస, పోలీసు స్టేషన్లో ఒక వరస. రిబ్బను కత్తిరించే రోజున అందరూ మావేనంటారు. ఫుటేజీ బయటికి పొక్కిన రోజున ఎవరివీ కావు. అందుకని ముందు కౌన్సిల్లో తీర్మానం పెట్టించు. ఏ కెమెరా ఎక్కడుంది, ఎందుకుంది, ఎవరు చూడొచ్చు, ఎన్నాళ్లు దాస్తాం, కాపీ ఇమ్మనే అధికారం ఎవరిది అన్నవి అందులో ఉండాలి. పోలీసులతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకో. సీఐ ఎంత మంచివాడైనా సరే, ఆయన బదిలీ అయ్యాక ఆయన నోటిమాట నీకు అక్కరకు రాదు.

ఇక గది సంగతి. ఒక తెల్లవారుజామున బస్టాండు మలుపులో కూరగాయల గంప దించుకుంటున్న ముసలాయన్ని ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. ఏడింటికల్లా ఎస్సై వచ్చాడు. మలుపులో మన కెమెరా ఉంది, తెర మీద బస్టాండు అద్దంలా కనిపిస్తోంది. నేను ధీమాగా కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఆపరేటర్ ఆ రోజు తేదీ నొక్కితే ఖాళీ. ముందు రోజు నొక్కితే ఖాళీ. అలా వెనక్కి పోతే పదకొండు రోజులూ ఖాళీ. హార్డ్‌డిస్క్ చచ్చిపోయి పదకొండు రోజులైంది. తెర మీద బొమ్మ ఆడుతూనే ఉంది కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. ఆ ముసలాయన భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు "కెమెరాలో పడిందంట గదా సారూ" అంది. బయటికొచ్చేటప్పుడు నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఇప్పటికీ ఆ మెట్లు గుర్తొస్తాయి.

ఆ మర్నాటి నుంచీ ఒక పద్ధతి పెట్టాను. రోజూ పొద్దున్నే ఏదో ఒక కెమెరాది ముందు రాత్రి మూడింటప్పటి ఫుటేజీ తెరిచి చూడాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఇవాళ ఒకటో కెమెరా, రేపు రెండోది. పట్టేది రెండు నిమిషాలు. బొమ్మ వస్తోందా అని చూస్తే సరిపోదమ్మా, రాసుకుంటోందా అని చూడాలి. రాత్రి మూడింటి బొమ్మే ఎందుకంటే కెమెరా జబ్బులన్నీ చీకట్లోనే బయటపడతాయి. అద్దం మీద సాలెగూడు అల్లుకుంటే రాత్రి వెలుగుకి తెరంతా తెల్లటి పొగలా కనిపిస్తుంది. కోతులు వైర్లు లాగేస్తాయి. పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి కెమెరా కళ్లు మూసేస్తారు, తీయించాలంటే నువ్వే నిలబడాలి. గడియారం కూడా సరిచూపించు. మా యంత్రంలో టైమ్ పదిహేడు నిమిషాలు వెనక నడుస్తోందని కోర్టులో డిఫెన్సు లాయరు అడిగేదాకా మాకు తెలియదు.

కోర్టు మాట వచ్చింది కనుక ఇదీ చెబుతున్నాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క చుక్క మారినా మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి చేతికిచ్చేసే రోజులు పోయాయి.

కాంట్రాక్టరు ముప్పై రోజులు నిలవ ఉంటుందని రాసిచ్చి ఉంటాడు. ఆ లెక్క నువ్వే వేసుకో. మామూలు కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాసుకుంటే రోజుకు 21 జీబీ పైమాటే. అరవై కెమెరాలకు 30 రోజులంటే దాదాపు 39 టీబీ కావాలి. అతను పెట్టింది 16 టీబీ అయితే నీ చేతిలో ఉండేది పన్నెండు రోజులే. మన ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, ఒకేసారి వంద మంది గానీ రోజుకు ఐదొందల మంది గానీ వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజులు ఫుటేజీ దాచాలంది. దుకాణదారుకు చెప్పిన మాట మనం పాటించకపోతే అడిగే ముఖం ఉండదు. అలాగని ముప్పై దాటితే ఒక్కరోజు కూడా ఉంచకు. కేసుకు సంబంధించిన ముక్కను విడిగా తీసి భద్రపరిచి, మిగతాది చెరిగిపోనియ్యి. ఎందుకైనా మంచిదని దాచిన ఫుటేజీ ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు చెడ్డపనికే పనికొస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. సమాచార హక్కు కింద దరఖాస్తుకు జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది. సంఘటన జరిగిన ఇరవయ్యో రోజున దరఖాస్తు వస్తే, మన గుమాస్తా ఫైలు కదిపేలోపు ఫుటేజీ తుడిచిపెట్టుకుపోతుంది. ఇవ్వాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. దరఖాస్తు మీద ముద్ర పడిన రోజే ఆ ముక్కకు తాళం వేయించు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న దగ్గరికొచ్చాను. ఇంగ్లండులో బ్రెంట్‌వుడ్ అనే పట్టణముంది. 1995 ఆగస్టులో ఒకతను బతుకు మీద విరక్తి పుట్టి, రాత్రిపూట వంటింటి కత్తి పట్టుకుని నడివీధిలోకి వచ్చాడు. కౌన్సిల్ కెమెరా గదిలో ఉన్న ఆపరేటర్ చూసి పోలీసులకు చెప్పాడు. వాళ్లొచ్చి కత్తి తీసుకున్నారు, వైద్యం అందింది, అతను బతికాడు. కెమెరా అంటూ పెట్టినందుకు అంతకంటే ఏం కావాలి? అయితే అదే కౌన్సిల్ కొన్నాళ్లకు, మా కెమెరాలు ఎంత బాగా పనిచేస్తున్నాయో చూడండంటూ ఆ బొమ్మల్ని పత్రికలకిచ్చింది, టీవీలకిచ్చింది. ముఖం సరిగ్గా కప్పలేదు. చుట్టాలు, స్నేహితులు, పక్కింటివాళ్లు గుర్తుపట్టారు. అతను ఏ నేరమూ చేయలేదు. సొంత దేశంలోని కోర్టుల్లో ఓడిపోయి యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లాడు. 2003 జనవరి 28న ఆ కోర్టు అతని వ్యక్తిగత జీవితానికి భంగం కలిగిందని తీర్పు చెప్పింది. వీధిలో ఉన్నంత మాత్రాన మనిషి తన మర్యాదను వీధికి వదిలేసినట్టు కాదని దాని భావం. ఆ కౌన్సిల్ వాళ్లు దుర్మార్గులు కారమ్మా. మంచి పని చేశామని చూపించుకోవాలన్న ఆత్రం, అంతే. ఆ ఆత్రం రేపు నీకూ వస్తుంది, మీ ఛైర్‌పర్సన్‌కూ వస్తుంది.

ఈ కేసు సంగతి నేను చదివేనాటికే నా గదిలో అలాంటి తప్పు జరిగిపోయింది. ఒక రాత్రి ఇద్దరు పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని ఒక ఇల్లాలు బస్టాండు అరుగు మీద చాలాసేపు ఏడుస్తూ కూర్చుంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు తెరను తన సెల్లులో తీసి ఒక్క స్నేహితుడికి పంపాడు. పొద్దున టిఫిన్ల వేళకల్లా ఊళ్లో ప్రతి వాట్సాప్ గ్రూపులో అదే. దాని కింద ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లారు. ఆమె పుట్టింటికి బయల్దేరిందట, ఆఖరి బస్సు తప్పిపోయిందట, అంతే. ఆ తర్వాత ఆమె మన ఊరి బస్టాండుకు రావడం మానేసి, పిల్లల్ని తీసుకుని రెండు కిలోమీటర్లు నడిచి రోడ్డు మీద బస్సెక్కేదని తెలిసింది. ఆ కుర్రాణ్ణి పనిలోంచి తీసేశారు. కానీ ఆ గదిలో ఏం చేయకూడదో అతనికి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. జీతం, షిఫ్టు, తాళంచెవి ఇచ్చాను, ఆ మాట మాత్రం చెప్పలేదు.

అందుకని చెబుతున్నాను. సెల్‌ఫోన్లు గది బయట పెట్టెలో ఉండాలి. నువ్వు లోపలికెళ్లినా నీ ఫోన్ అక్కడే పెట్టు, నిన్ను చూసి మిగతావాళ్లు పెడతారు. ప్రతి ఆపరేటరుకూ వేరే లాగిన్ ఇప్పించు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే తప్పు ఎవరిదో ఎప్పటికీ తేలదు. అందులోనూ కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డే ఉంచితే వాకిలి తెరిచి పడుకున్నట్టే. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి ఆడవాళ్ల దృశ్యాలు బయటికి పోయి అమ్మకానికి వచ్చాయి. అక్కడున్న పాస్‌వర్డ్ 'అడ్మిన్123'. మీ గదిలో ఏముందో ఇవాళే అడుగు.

ఫోన్లు వస్తాయి. కౌన్సిలరు చేస్తాడు, విలేకరి చేస్తాడు. "మా అమ్మాయి నిన్న సాయంత్రం ఎవరితో వెళ్లిందో ఒక్కసారి చూసిపెట్టండి మేడమ్" అని ఒక తండ్రి వస్తాడు. భార్య మీద అనుమానమున్న మొగుడొస్తాడు. అందరికీ ఒకటే జవాబు, స్టేషన్లో ఫిర్యాదివ్వండి, వాళ్లు కాగితం రాస్తే చూస్తాం. ఆ తండ్రి కళ్లనీళ్లు పెట్టుకున్నా అదే జవాబు. ఆ అమ్మాయి ఇంటికి చేరాక ఏం జరుగుతుందో మనకు తెలియదు. పిల్ల తప్పిపోయిందంటే మాత్రం కాగితం కోసం ఆగకు. స్టేషన్‌కి ఫోన్ చేస్తూనే వెతికించు, రాత తర్వాత చూసుకుందాం. మా జాతరలో నాలుగేళ్ల పిల్లను అలాగే అరగంటలో పట్టుకున్నాం. ఏది బయటికెళ్లినా రిజిస్టర్లో ఎక్కాలి. ఎవరడిగారు, ఏ కేసు, ఏ కెమెరా, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, ఎవరు కాపీ తీశారు, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారు.

ఎండాకాలం వస్తోంది. మన ఊళ్లలో ఆడవాళ్లు, పిల్లలు మిద్దెల మీద పడుకుంటారు. గుండ్రంగా తిరిగే కెమెరా స్తంభం ఆ మిద్దెల కంటే ఎత్తు. ఇళ్ల కిటికీలు, మిద్దెలు, దొడ్లు వచ్చే చోట తెర మీద నల్ల పట్టీ పడేలా సెట్టింగు ఉంటుంది, వేయించు. దాన్ని తీసే అధికారం ఆపరేటరుకు ఉండకూడదు.

ప్రతి కౌన్సిలరూ తన వార్డుకు పది కెమెరాలు అడుగుతాడు. నలభై ఏళ్ల అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. కెమెరాల వల్ల నేరాలు 13 శాతం దాకా తగ్గాయని, ఎక్కువ ఫలితం బళ్లు నిలిపే చోట్లలో కనిపించిందని, కొట్లాటల్లాంటి వాటిలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. చాలాచోట్ల వీధిదీపం వెలిగిస్తే చాలు. ఇంకోటి, ఏదో ఒక బస్తీ చుట్టూనే కెమెరాలు గుచ్చే ప్రతిపాదన వస్తే సంతకం పెట్టకు. ఇంగ్లండులోనే బర్మింగ్‌హామ్‌లో 2010లో ముస్లింలు ఎక్కువగా ఉండే పేటల్లో రెండొందలకు పైగా కెమెరాలు పెట్టారు, అందులో 72 కనబడకుండా దాచినవి. నేరాలు ఆపడానికని చెప్పారు, డబ్బు మాత్రం ఉగ్రవాద నిరోధక నిధిది. గొడవై, పోలీసులు క్షమాపణ చెప్పి, మరుసటేడు అన్నీ పీకేశారు. స్తంభాలు పీకడం తేలికే. ఆ పేటలవాళ్ల నమ్మకం తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆలోచించు.

ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లూ వస్తారు. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రోడ్డు మీద పోలీసులు తన ఫొటో తీశారని ఒక పౌరుడు ఆ సాఫ్ట్‌వేర్ వాడకం మీద హైకోర్టుకు వెళ్తే 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులొచ్చాయి. పెద్ద ప్రభుత్వమే జవాబు చెప్పుకోవాల్సి వచ్చిన సంగతిని మన మునిసిపాలిటీ నెత్తికెత్తుకోవద్దు.

కెమెరా ఉన్న ప్రతిచోటా బోర్డు పెట్టించు, తెలుగులో, ఉర్దూలో, ఫోన్ నంబరుతో. పోలీసు స్టేషన్లలో అలాంటి బోర్డులు స్థానిక భాషలో ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే చెప్పింది. వీధిలో నడిచేవాళ్లకు ఆపాటి తెలియజెప్పడం మన ధర్మం. ఆపరేటర్ కుర్రాళ్ల జీతాలు నెలల తరబడి ఆగకుండా చూడు. ఆకలితో ఉన్నవాడి చేతికి ఊరి గుట్టంతా అప్పగించి నీతిగా ఉండమనడం న్యాయం కాదు.

సోమవారం ఆఫీసుకెళ్లగానే ముందు ఆ గదికెళ్లు. ఏదో ఒక కెమెరాది ఆదివారం తెల్లవారుజాము మూడు గంటల ఫుటేజీ తెరిపించు. తర్వాత నాకు ఫోన్ చెయ్యి. అందులో ఏం కనిపించిందో చెప్పొద్దు, బొమ్మ వచ్చిందో లేదో ఒక్కటే చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న