ఉమ్మడి బీడు కాపాడిన చిన్న మొక్క

ఊరి ఉమ్మడి బీడును చూచి, "ఈ వట్టి నేలవలన ప్రయోజనమేమి?" అని అడుగువారు పంచాయతీ సభలలో తరచుగా కనిపించుచుందురు. ఇంగ్లండులోని ఒక చిన్న మొక్క చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. దానిని తెలిసికొందము.

మొక్క స్వరూపము

దీనిని ఆంగ్లమున మార్ష్ క్లబ్‌మాస్ అందురు. 1753లో లిన్నేయస్ పండితుడు దీనికి పెట్టిన శాస్త్రీయ నామములో "నీట మునిగినది" అను అర్థము గల మాట కలదు. ఆంగ్ల నామమున నాచు అనియున్నను ఇది నాచు కాదు. నీటిని పైకి గొనిపోవు నాళములు దీనికి కలవు. పూవులు, విత్తనములు లేవు. ధూళివంటి సిద్ధబీజములవలన వ్యాపించును. కాండము నేలనంటి ప్రాకును. నిలువు కొమ్మలు బెత్తెడుకు మించి ఎదుగుట అరుదు. చలికాలమున పాత కాండము చచ్చి, కొన మాత్రమే బ్రతికి, వసంతమున మరల సాగును.

సుమారు 30 కోట్ల ఏండ్ల క్రిందట దీని దూరపు బంధువులు 30 మీటర్ల ఎత్తైన వృక్షములై, ఐరోపా, అమెరికాలలోని బొగ్గునకు మూలమైనవి.

బ్రతుకు తెరువు

చలికాలమున నీరు నిలిచి, పిమ్మటను తడి ఆరని, సారము తక్కువైన బోడి నేలయే దీని చోటు. పొడవైన గడ్డి కమ్మినచో వెలుతురు చాలక నశించును.

దక్షిణ ఇంగ్లండులోని న్యూ ఫారెస్టు దీనికి ముఖ్యమైన ఆశ్రయము. సుమారు 1079లో విలియం రాజు వేటకై ఏర్పరచిన ఆ ప్రదేశమున ఉమ్మడి హక్కుదారుల గుఱ్ఱములు, పశువులు నేటికిని స్వేచ్ఛగా మేయుచున్నవి. అవి గడ్డిని పొట్టిగా నుంచును. వాని గిట్టలు తడినేలను అచ్చటచ్చట బోడిచేయును. మొక్కకు కావలసినదదియే. అచటి వ్యవహారములు చూచు పదిమంది వెర్డరర్లలో అయిదుగురిని హక్కుదారులే ఎన్నుకొందురు. ఇతర చోట్ల మేత మాని బీడును వదలివేసినందునను, కాలువలు త్రవ్వి నీరు తీసినందునను ఈ మొక్క అరుదైపోయినది.

మనకు పాఠము

ఈ మొక్క మన ప్రాంతపుది కాదు. కాని ధర్మము మనకును చెల్లును. మేత పోరంబోకును, చెరువు శిఖమును పూర్తిగా వదలివేయుటయు, ఆక్రమణకు విడుచుటయు రెండును నష్టమే. మితమైన వాడుకయే రక్ష. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచవలెనని విధించినది. ఊరి మొక్కలను, వాని వాడుకను నమోదు చేయించుట ఆ కమిటీ పని.

సభలో చర్చింపదగినవి

1. మన ఊరి ఉమ్మడి నేలల హద్దులు అందరికిని తెలియునా?
2. వానాకాలమున నీరు నిలుచు పల్లములను పూడ్చుచున్నామా, కాపాడుచున్నామా?
3. అచట మొలచు మొక్కల పేర్లు, గుణములు ఎరిగిన పెద్దలనడిగి వ్రాసికొంటిమా?