ప్రోటీన్ స్థానభ్రంశం – క్యాన్సర్: ఎన్‌పీఎం1 ఉదాహరణ

కణంలో ప్రోటీన్ ఏ భాగానికి చేరాలో తెలిపే సంకేతం దాని నిర్మాణంలోనే ఇమిడి ఉంటుందని నిరూపించినందుకు గుంటర్ బ్లోబెల్‌కు 1999లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఈ సంకేతం చెడితే ఎంతటి అనర్థం వాటిల్లుతుందో తెలుసుకోవడానికి ఎన్‌పీఎం1 ప్రోటీన్‌ను మించిన ఉదాహరణ అరుదు.

ఆరోగ్యవంతమైన కణంలో ఈ ప్రోటీన్ ప్రధానంగా కేంద్రకాంశంలో, అంటే కేంద్రకం లోపల రైబోజోములు రూపుదిద్దుకునే భాగంలో ఉండి, వాటి తయారీకి తోడ్పడుతుంది. దీని జన్యువు చివరి భాగంలో సాధారణంగా నాలుగు డీఎన్‌ఏ క్షారాలు అదనంగా చేరడం వల్ల ప్రోటీన్ తోక మారిపోయి, కేంద్రకాంశంలో నిలిపి ఉంచే ట్రిప్టోఫాన్ అమైనో ఆమ్లాలు పోయి, బయటికి పంపే కొత్త సంకేతం ఏర్పడుతుంది. దానిని గుర్తించిన ఎక్స్‌పీఓ1 అనే రవాణా ప్రోటీన్ ఎన్‌పీఎం1ను కణద్రవ్యంలోకి చేరవేస్తుంది. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పెద్దలలో దాదాపు మూడింట ఒక వంతు మందిలో ఈ మార్పు ఉంటుందని ఇటలీ శాస్త్రవేత్త బ్రునాంజెలో ఫలీనీ బృందం 2005లో వెల్లడించింది. రోగనిర్ధారణకు ప్రోటీన్ ఉనికిని మాత్రమే కాక, అది ఉన్న చోటును కూడా పరిశీలించాలని స్పష్టం చేసిన ఈ ఆవిష్కరణ నిజంగా గొప్పది.

పెద్దపేగు క్యాన్సర్‌లో బీటా-కాటెనిన్ అనే ప్రోటీన్ ఇందుకు విరుద్ధ దిశలో, కణద్రవ్యం నుంచి కేంద్రకంలోకి చేరి, కణవిభజనను ప్రేరేపించే జన్యువులను మేల్కొలుపుతుంది.

ప్రోటీన్లను కేంద్రకం నుంచి బయటికి చేరవేసే ఈ ఎక్స్‌పీఓ1ను అడ్డుకునే సెలినెక్సార్ ఔషధానికి మల్టిపుల్ మైలోమా అనే మరో రక్త క్యాన్సర్ చికిత్స కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 జులైలో అనుమతి ఇచ్చింది.