ఎలక్ట్రానుల జంటలు - అతివాహకత

రాగితీగలో విద్యుత్తు ప్రవహిస్తే తీగ వేడెక్కుతుందని హైస్కూలు విద్యార్థికి కూడా తెలుసు. ఉప్పల్, నాచారం ఫ్యాక్టరీలకు కరెంటు మోసుకొచ్చే తీగల్లోనూ కొంత శక్తి ఇలా వేడిగా మారి వృథా అవుతూనే ఉంటుంది. మరి నిరోధమే లేని పదార్థం ఉంటుందా? ఉంటుంది. 1911లో హాలెండు శాస్త్రజ్ఞుడు కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్ దాకా చల్లబరిచేసరికి దాని నిరోధం మాయమైంది. ఈ గుణమే అతివాహకత.

దీని కారణం తెలియడానికి 46 ఏళ్లు పట్టింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్‌లు దాన్ని వివరించారు. ఎలక్ట్రానులన్నీ ఋణావేశం గలవి. వాటి మధ్య వికర్షణే ఉండాలి. కాని స్ఫటికంలో ఒక ఎలక్ట్రాను పోతూ పోతూ చుట్టూ ఉన్న ధన అయానులను కాస్త తనవైపు లాగుతుంది. అక్కడ పోగైన ధనావేశం ఇంకో ఎలక్ట్రానును ఆకర్షిస్తుంది. అలా రెండూ జత కడతాయి. జతలన్నీ ఒకే లయలో సాగితే నిరోధం ఉండదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మన కోలాటం చూడండి. ఎవరికి ఎవరు జత అన్నది కుదరడం ఒకటి. అందరూ ఒకే దరువుకు అడుగు వెయ్యడం ఇంకొకటి. పాదరసం, సీసం వంటి లోహాల్లో ఈ రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర జరుగుతాయి. అన్నిచోట్లా అంతేనా? ఎలక్ట్రానులు పలుచగా ఉండే స్ట్రాన్షియం టైటనేట్ వంటి పదార్థాల్లో జతలు ముందే ఏర్పడవచ్చునని 1969లో ఈగిల్స్ సూచించాడు.

దీన్ని పరీక్షించడానికి చక్కని వేదిక తర్వాత దొరికింది. 2004లో ఓటొమో, హ్వాంగ్‌లు స్ట్రాన్షియం టైటనేట్ మీద లాంథనం అల్యూమినేట్ పొరను పెంచారు. రెండూ విద్యుద్బంధకాలే! అయినా అవి కలిసిన సరిహద్దులో కరెంటు పారింది. పై పొర కనీసం నాలుగు యూనిట్ సెల్‌ల మందం ఉండాలని 2006లో తేలింది. 2007లో అదే సరిహద్దు 0.2 కెల్విన్ దగ్గర అతివాహకమయింది. బయటినుంచి వోల్టేజి మార్చి ఆ గుణాన్ని తెప్పించవచ్చు, పోగొట్టవచ్చు అని 2008లో చూపారు.

2015లో అమెరికాలో జెరెమీ లెవీ బృందం ఈ సరిహద్దు మీదే అతి సూక్ష్మమైన ట్రాన్సిస్టరు తయారుచేసింది. అందులోకి ఎలక్ట్రానులు ఒక్కొక్కటిగా కాక రెండేసి చొప్పున వచ్చాయి. సుమారు 0.9 కెల్విన్ వద్ద, అంటే అతివాహకత ఎప్పుడో పోయిన ఉష్ణోగ్రతలో కూడా, జతలు విడిపోలేదు. వాటిని విడగొట్టడానికి 1 నుంచి 4 టెస్లాల అయస్కాంత క్షేత్రం కావలసివచ్చింది. అంటే జతలున్నాయి, ఆట మాత్రం మొదలు కాలేదు!

దీనివల్ల మనకేమిటి ప్రయోజనం అనవచ్చు. ఆస్పత్రుల్లోని ఎంఆర్‌ఐ యంత్రాల అతివాహక అయస్కాంతాలను ద్రవ హీలియంతో చల్లబరచాలి. ఆ ఖర్చు తగ్గాలంటే అతివాహకత ఎక్కువ ఉష్ణోగ్రతలో రావాలి. 1987లో ఒక రాగి ఆక్సైడు 93 కెల్విన్ దాకా చేరింది గాని, అందులో జతలు ఎలా కుదురుతాయన్న వివాదం ఇంకా తీరలేదు. కావలసింది గట్టి జతలా, లేక జతల మధ్య లయా? ఏది కొరవడిందో తెలియకుండా మందు వెయ్యలేం గదా!

కాబట్టి మిత్రులారా, పరీక్షలో "ఎలక్ట్రానులు జత కడితే అతివాహకత వస్తుంది" అని రాసి ఊరుకోకండి. జత కట్టడం సగం జవాబే. లయ సంగతి కూడా రాయండి.