పాత కారు, పాసు శాతం

గణాంకశాస్త్రం అనగానే మన కాలేజీలో చాలామందికి గుర్తుకొచ్చేవి పాచికలు, నాణేలు, సంచిలోంచి తీసే ఎర్ర బంతులు, తెల్ల బంతులు. ఇవేవీ మనం డబ్బు పెట్టి కొనేవి కావు. కొనే వస్తువు ఒకటి తీసుకుని అదే లెక్క చేస్తే ఎలా వుంటుందో చూద్దామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. తీసుకున్న వస్తువు సెకండ్ హ్యాండ్ కారు, దేశం బ్రిటన్. మన దేశం వదిలి అంత దూరం ఎందుకు పోయావయ్యా అని ఎవరైనా అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. అక్కడ మూడేళ్ళు నిండిన కార్లకు ఏటేటా పరీక్ష జరుగుతుంది, ఆ ఫలితాలను ప్రభుత్వమే బయటపెడుతుంది. ఇది మొదటిది. రెండవది సొంత విషయం. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడ చదువు ముగించి ఉద్యోగంలో చేరాడు. రాత్రి డ్యూటీలు, బస్సులు వుండని వేళలు. కారు కొనక తప్పలేదు. అతని చదువుకని బ్యాంకులో పెట్టిన రెండెకరాల కాగితాలు ఇంకా బ్యాంకులోనే వున్నాయి గనుక, ఆ కారు సంగతి మా ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయమైంది. "నువ్వు స్టాటిస్టిక్స్ చదువుతున్నావు కదరా, ఏ మోడలు ఎక్కువ పాసవుతుందో చూసిపెట్టు" అన్నాడు అన్నయ్య. అడిగినంత తేలిక ప్రశ్న కాదది.

ముందు పరీక్ష ఏమిటో తెలుసుకోవాలి. దాన్ని ఎం.ఓ.టి. అంటారు. రవాణా మంత్రిత్వశాఖ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలవి. ఆ శాఖ 1970లో వేరే శాఖలో కలిసిపోయింది కానీ, పరీక్షకు పేరు అలాగే వుండిపోయింది. 1960లో మొదలైనప్పుడు పదేళ్ళు దాటిన బండ్లకే పరీక్ష, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగు వరకే. ఫెయిలయ్యే బండ్లు మరీ ఎక్కువగా తేలడంతో మరుసటి ఏడే పదేళ్ళను ఏడేళ్ళకు దించారు, 1967లో మూడేళ్ళకు దించారు. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో నేటికీ అదే పద్ధతి. ఉత్తర ఐర్లండులో మాత్రం నాలుగేళ్ళు. పరీక్ష చేసేది అనుమతి పొందిన గ్యారేజీలు. కారుకు వసూలు చెయ్యదగిన ఫీజు 54 పౌండ్ల 85 పెన్నీలకు మించకూడదు.

బ్రేకులు, టైర్లు, లైట్లు, స్టీరింగు, స్ప్రింగులు, సీటు బెల్టులు, అద్దాలు, వైపర్లు, తుప్పు, పొగ ఇవన్నీ చూస్తారు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఫెయిలే. 2018 మే నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని మూడు తరగతులుగా రాస్తున్నారు. మొదటి రెండింటిలో ఏది వున్నా బండి ఫెయిలు. ఇవి కాక "ఇప్పటికి ఫరవాలేదు, కనిపెట్టి వుండండి" అనే సలహాలు కూడా రాస్తారు. వీటి విలువ తరువాత చెబుతాను. పరీక్షలో చూడనివి కూడా వున్నాయి. ఇంజను ఎలా వుంది, క్లచ్ అరిగిందా, గేరు బాక్సు బాగుందా అన్న సంగతి ఈ పరీక్షకు పట్టదు. కారు కొన్నవాడి జేబు ఖాళీ చేసేవి ఈ మూడే! కాబట్టి "ఈ మోడలు బాగా పాసవుతుంది" అన్న మాటకూ "ఈ మోడలు ఖర్చు పెట్టించదు" అన్న మాటకూ చాలా తేడా వుంది.

ఇక శాతానికి వద్దాం. అక్కడ ఏటా సుమారు మూడు కోట్ల పరీక్షలు జరుగుతాయి. మొదటిసారి పోయినప్పుడే ఫెయిలయ్యేవి ఇటీవలి సంవత్సరాల్లో నూటికి 30కి కాస్త అటూ ఇటూ. కానీ ఫెయిలు అంటే ఏది? చిన్న బల్బు మాడిపోయి ఫెయిలైన బండికి అక్కడే గంటలోపు బల్బు మార్చి పాసు చేయించుకోవచ్చు. రికార్డులో దీనికి విడిగా ఒక గుర్తు వుంది. దాన్ని పాసు కింద వేస్తే ఒక శాతం, ఫెయిలు కింద వేస్తే వేరే శాతం. ఇద్దరు మనుషులు ఒకే లెక్కలు ముందు పెట్టుకుని రెండు వేర్వేరు పట్టికలు తయారు చెయ్యవచ్చు, ఇద్దరిదీ అబద్ధం కాదు. పట్టిక ఏదైనా చూసినప్పుడు నేను మొదట వెతికేది ఈ సంగతే.

రెండవ చిక్కు వయసు. ఇది మన సిలబస్‌లోనిదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కింది అంకెలు నిజమైనవి కావు, లెక్క కోసం అనుకున్నవి. "క" మోడలు కార్లు 1000 పరీక్షకు వచ్చాయి. వాటిలో అయిదేళ్ళ లోపువి 200, పాసైనవి 170, అంటే 85 శాతం. పదేళ్ళు దాటినవి 800, పాసైనవి 480, అంటే 60 శాతం. "చ" మోడలు కార్లు కూడా 1000 వచ్చాయి. వాటిలో అయిదేళ్ళ లోపువి 800, పాసైనవి 640, అంటే 80 శాతం. పదేళ్ళు దాటినవి 200, పాసైనవి 100, అంటే 50 శాతం. కొత్త బండ్లలోనూ "క" మేలు, పాత బండ్లలోనూ "క" మేలు. మొత్తం కలిపి చూడండి. "క" 1000కి 650, అంటే 65 శాతం. "చ" 1000కి 740, అంటే 74 శాతం. పట్టికలో పైన వుండేది "చ"! ఇందులో గారడీ ఏమీ లేదు. "చ" ఈమధ్య వచ్చిన మోడలు, దాని బండ్లన్నీ పడుచువి. "క" చాలాకాలంగా రోడ్ల మీద తిరుగుతున్నది. రెండు వయసు తరగతులకూ సమాన బరువిచ్చి సగటు కడితే "క"కు 72.5, "చ"కు 65 వస్తుంది. పుస్తకాల్లో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. సంతలో ఎద్దుల బేరానికి పోయిన రైతు మొదట నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళ కోడెనూ ఆరు పళ్ళ ఎద్దునూ పక్కపక్కన నిలబెట్టి ధర పోల్చడు. కార్ల పట్టికలు వేసేవాళ్ళలో కొందరు ఈపాటి జాగ్రత్త కూడా పడరు.

వయసు ఒక్కటే సరిపోదు, తిరిగిన మైళ్ళు కూడా చూడాలి. పిల్లల్ని బడిలో దించి వచ్చే కారూ, రోజుకు వంద మైళ్ళు తిరిగే అద్దె కారూ ఒకే ఏడు పుట్టినా ఒకే వయసువి కావు. అదృష్టవశాత్తూ ప్రతి పరీక్షలోనూ మీటరు రీడింగు రాస్తారు గనుక ఈ లెక్క కూడా కట్టవచ్చు.

మూడవది ఎంతమందిని అడిగాం అన్న ప్రశ్న. ఒక మోడలు కార్లు 100 పరీక్షకు వచ్చి 70 పాసైతే, ప్రామాణిక దోషం దాదాపు 4.6 శాతం. అంటే అసలు శాతం 61 నుంచి 79 వరకు ఎక్కడైనా వుండవచ్చు. అదే 10,000 కార్లలో 7,000 పాసైతే ఈ ఊగిసలాట ఒక శాతం లోపే. అరుదైన మోడలు పట్టికలో మొదటి స్థానంలో కనిపించినా, చిట్టచివర కనిపించినా నేను పెద్దగా నమ్మను. అన్నయ్య అడిగిన ఫోర్డ్ ఫియస్టాకు ఈ బాధ లేదు. 1976లో మొదలై 2023 జూలైలో తయారీ ఆగిపోయిన ఈ చిన్న కారు 2009 నుంచి 2020 దాకా వరసగా ప్రతి ఏడూ బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన కొత్త కారు. (మన చెన్నై దగ్గర కూడా 2005 నుంచి కొన్నేళ్ళు ఆ పేరుతో బండ్లు తయారయ్యాయి.) కాబట్టి లెక్కకు కార్ల కొరత లేదు. వచ్చిన చిక్కు ఇంకొకటి. ఇంత ఎక్కువగా అమ్ముడుపోయిన కారు అన్ని రకాల చేతుల్లోనూ పడుతుంది. కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడి చేతిలోనూ పడుతుంది, వారానికోసారి బజారుకు పోయే ముసలమ్మ చేతిలోనూ పడుతుంది.

అసలు మాటకు ఇప్పుడు వస్తున్నాను. ఫెయిలయ్యే కారణాలలో ముందుండేవి లైట్లు, స్ప్రింగులూ వాటి అనుబంధాలూ, బ్రేకులు, టైర్లు. ఇందులో బల్బు మాడడం, టైరు అరగడం, వైపరు రబ్బరు చిరగడం కారు తయారుచేసినవాడి తప్పు కాదు. పరీక్షకు పోయేముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడని యజమాని తప్పు. చలికాలంలో మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్ళకు అడుగున వుండే ఇనుము తుప్పు పడుతుంది. బ్రేకు పైపు తుప్పు పట్టడంలోనూ స్ప్రింగు విరగడంలోనూ మోడలు పాత్ర కొంత వుంటుంది, వూరి పాత్ర కొంత వుంటుంది. కాబట్టి ఒక మోడలు పాసు శాతం అంటే కారుకూ, కారు గలవాడికీ, రోడ్డుకూ కలిపి వేసిన మార్కు. అందులోంచి కారు మార్కు ఒక్కటే విడదీయాలంటే బల్బులూ టైర్లూ పక్కన పెట్టి, తుప్పు, స్ప్రింగులు, స్టీరింగు కీళ్ళు లాంటి లోపాలను మాత్రమే లెక్కించాలి. ఆ పని చేసిన పట్టిక దొరికితే దానికి విలువ వుంది.

దొరికిందనే అనుకుందాం. అయినా అది మనం కొనబోయే ఒక్క కారు గురించి ఎంత చెబుతుంది? మా ఇంట్లో వరి విత్తనం కొనేటప్పుడు సంచికి నీలి చీటీ వుందో లేదో చూస్తాం. ధృవీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక వుండాలని నిబంధన. అది గింజలన్నిటికీ కలిపి చెప్పిన మాట. చేతిలో వున్న ఒక్క గింజ మొలుస్తుందా అంటే ఆ చీటీ జవాబు చెప్పదు. రైతుకు దానితో పని జరుగుతుంది, ఎందుకంటే అతను చల్లేది ఒక్క గింజ కాదు. కారు కొనేవాడు కొనేది ఒక్కటే.

ఇంకో లెక్క. పాసయ్యే సంభావ్యత 0.7 అయితే, వరసగా అయిదేళ్ళు మొదటిసారే పాసయ్యే సంభావ్యత 0.7ను అయిదుసార్లు హెచ్చవేస్తే వచ్చే 0.168, అంటే ఆరింట ఒకటి. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయి, రోడ్డు మీద మాత్రం తప్పు. ఏడాదికేడాదికీ సంబంధం లేదని అనుకుంటేనే ఆ గుణకారం చెల్లుతుంది. జాగ్రత్తగా చూసుకునేవాడి కారు ఏటా పాసవుతూనే వుంటుంది, పట్టించుకోనివాడిది ఏటా ఏదో ఒకదానికి తప్పుతూనే వుంటుంది. స్వతంత్ర సంఘటనలు అన్న మాటను మనం క్లాసులో ఎంత సులువుగా ఒప్పుకుంటామో ఆలోచించండి.

ఒక్క కారు సంగతి తెలుసుకునే దారి అక్కడ వుంది. నంబరు ప్లేటు మీది అక్షరాలు చెబితే చాలు, ఆ కారు 2005 నుంచీ రాసిన పరీక్షలన్నీ పైసా ఖర్చు లేకుండా చూపిస్తారు. పాసు, ఫెయిలు, కారణం, సలహా, మీటరు రీడింగు అన్నీ వుంటాయి. 2025 మొదట్లో అన్నయ్య రెండు ఫియస్టాల నంబర్లు పంపాడు. రెండూ 2015వి, ధరలో తేడా పెద్దగా లేదు. మొదటిది 2018 నుంచి 2024 దాకా ఏడు పరీక్షలూ మొదటిసారే పాసైంది. రెండవది ఏడింట్లో రెండు ఫెయిలు. శాతం మీద పోతే మొదటిది నూరు, రెండవది 71.

సలహాలు చదివితే కథ మారింది. మొదటి కారుకు చివరి మూడు పరీక్షల్లోనూ "వెనక బ్రేకు పైపు తుప్పు పట్టింది" అన్న ఒకే మాట వుంది. మూడేళ్ళుగా చెబుతున్నా ఎవరూ మార్చలేదు. పైగా చివరి ఏడాది స్ప్రింగు తుప్పు కూడా తోడైంది. రెండవ కారు ఒకసారి బల్బుకూ వైపరుకూ, ఒకసారి ముందు టైరుకూ ఫెయిలైంది. రెండుసార్లూ మర్నాడే పాసు. ఒక ఏడు రాసిన సలహా మరుసటి ఏడు మళ్ళీ కనబడలేదు, అంటే చెప్పినదల్లా చేయించారన్న మాట. మైళ్ళు కూడా ఏటా ఒకే తీరుగా పెరిగాయి. నేను రెండవదే కొనమన్నాను. అన్నయ్య ఇంజనుకూ క్లచ్‌కూ ఒక మెకానిక్‌ను విడిగా తీసుకుపోయి చూపించి, అప్పుడు కొన్నాడు. మా పెదనాన్నగారికి మాత్రం "రెండుసార్లు తప్పిన బండి"ని ఎందుకు కొనిపించానో ఎంత చెప్పినా మింగుడుపడలేదు. సప్లిమెంటరీలో పాసైనవాణ్ణి చూసినట్టు చూస్తారు ఆ కారు ఫోటోని.

మన దగ్గర సంగతి క్లుప్తంగా చెబుతాను. సొంత కారుకు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు, ఆ లోపు ఏటేటా పరీక్ష అనేది లేదు. లారీ, బస్సు లాంటి వాటికే ఎఫ్.సి. చేయించాలి. ఎనిమిదేళ్ళ వయసు దాకా రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏటా. పల్లెల్లో ఆ అధికారిని నేటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరనే పిలుస్తారు, చూడవలసిన మొదటి వస్తువేమిటో పేరులోనే వుంది. మనిషి కంటితో కాక యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో నియమాలు ప్రకటించింది. యంత్రం చూస్తే ప్రతి బండికీ బ్రేకు బలం అంకెల్లో నమోదవుతుంది. ఆ అంకెలు నంబరు తీసేసి, మోడలు, వయసు, కిలోమీటర్లు మాత్రం వుంచి బయటపెడితే, మా ఫైనలియర్ ప్రాజెక్టుకు పాచికలు మానేసి పాత లారీలు తీసుకోవడానికి నాతోబాటు ఇంకో ముగ్గురు సిద్ధంగా వున్నారు.