దారిఖర్చులు అడగడానికి మొహమాటమెందుకు?

చెల్లెమ్మా, కాంట్రాక్టు పనికి ఒప్పుకునేటప్పుడు "ఫీజెంత ఇస్తారు?" అని గట్టిగానే అడుగుతాం. "మరి రానూపోనూ ఖర్చులు?" అన్న మాట మాత్రం గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఏమనుకుంటారోనని బెరుకు, చేతికొచ్చిన పని జారిపోతుందేమోనని భయం. ఆ మొహమాటం మనకెంత ఖర్చు తెస్తోందో ఇవాళ కూర్చుని లెక్కేసుకుందాం.

బెజవాడలో కాపురం, హైదరాబాదులో పని. ఇప్పుడు చాలామంది ఆడపిల్లల బతుకు ఇదే. సోమవారం పొద్దున్నే శాతవాహన ఎక్కేవాళ్లు కొందరు, నెహ్రూ బస్టాండులో గరుడ కోసం నిలబడేవాళ్లు కొందరు. మా పిన్ని కూతురూ అంతే. ఇంటీరియర్ డిజైనర్. నెలకు ఫీజు 60,000, టికెట్లకూ గదికీ కలిపి ఇంకో 15,000. "అంతా కలిపి 75,000కు ఒకే బిల్లు పెట్టేయండి మేడం" అన్నారట కంపెనీవాళ్లు. సరేనంది. తీరా చూస్తే 10 శాతం టీడీఎస్ మొత్తం మీదా పడింది. అంటే టికెట్ల డబ్బులోంచి కూడా నెలకు 1,500 కోత. "బస్సుకిచ్చిన డబ్బు నా సంపాదన ఎలా అవుతుందక్కా?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్నే. కానీ ఒకే బిల్లులో కలిపేశాక కంపెనీ అకౌంట్స్‌వాళ్లు విడదీసి చూడరు. 1995లో పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులరే ఉంది, బిల్లు మొత్తంలోంచి ఖర్చులు తీసేసి టీడీఎస్ లెక్కకట్టడం కుదరదని. అందుకే ఫీజుకొక బిల్లు, ఖర్చులకు విడిగా ఇంకో బిల్లు పెట్టాలి. రెండోదానికి అసలు టికెట్లు, లాడ్జి రసీదులు జతచేయాలి. పైసా లాభం కలపకుండా, అయినంతే రాయాలి. అలా విడిగా పెట్టిన ఖర్చుల మీద టీడీఎస్ కోయక్కర్లేదని కోర్టులు చెప్పిన తీర్పులున్నాయి. అయితే ఇదంతా ఒప్పంద పత్రంలో ముందే రాయించుకోవాలి. పని మొదలుపెట్టాక అడిగితే "మా పాలసీలో లేదు" అంటారు.

"మా ఆయనకి ఆఫీసులో టీఏ, డీఏ ఇస్తారు, దానిమీద పన్ను లేదుగా, నాకెందుకు?" అనే చెల్లెళ్లూ ఉన్నారు. ఆయన ఉద్యోగి తల్లీ. క్యాంపుకు వెళ్లినప్పుడు ఇచ్చే ఆ భత్యానికి, ఖర్చుపెట్టిన మేరకు, చట్టం పన్ను మినహాయింపు ఇచ్చింది. అది జీతగాళ్లకే. నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నావంటే చట్టం దృష్టిలో సొంతంగా వృత్తి చేసుకుంటున్నదానివి. రోజుకింత అని చేతిలో పెట్టినా అది నీ ఆదాయంలోకే వస్తుంది.

మరి మనకేమీ లేదా అంటే, ఉంది. ఆడిటర్ గారు "44ఏడీఏ" అంటారే, అదే. ఇంటీరియర్ డెకరేషన్, ఇంజినీరింగ్, వైద్యం, న్యాయవాదం, ఐటీ లాంటి కొన్ని వృత్తులవాళ్లు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చుల కింద పోయిందని చట్టమే ఒప్పుకుంటుంది. ఏడాదికి 50 లక్షల దాకా ఈ వీలుంది, నగదు రాబడి 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి, పద్ధతి ఇదే.

ఈ దారి పట్టాక టికెట్లు, గది అద్దె మళ్లీ విడిగా తీసేస్తామంటే కుదరదు. అవన్నీ ఆ సగంలోనే. మా చెల్లి అంతా కలిపి ఒకే బిల్లు పెట్టింది కనక ఏడాదికి వచ్చిన మొత్తం 9,00,000. సగమంటే 4,50,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది ఏమీ లేదు కనక, కోసిన టీడీఎస్ అంతా రిటర్న్ వేస్తే తిరిగొస్తుంది. కానీ టికెట్ల మీద పోయిన ఆ 18,000 అప్పటిదాకా ఆమె చేతిలో ఉండదు. పిల్లల స్కూలు ఫీజు కట్టే జూన్‌లో ఆ డబ్బు విలువేమిటో నీకు నేను చెప్పాలా?

తిరుగుడు మరీ ఎక్కువై ఖర్చులు సగం దాటిపోయేవాళ్లకు ఇది గిట్టదు. వాళ్లు అసలు లెక్కలు రాసి, ఆదాయం పన్ను పరిధి దాటితే ఆడిట్ చేయించాలి. పని కోసం పెట్టిన ఖర్చే చెల్లుతుంది. దసరాకి పిల్లల్ని చూపించడానికి అమ్మగారింటికి వెళ్లిన టికెట్ చెల్లదు. ఒకే రోజు ఒకరికి 10,000 మించి నగదుగా ఇస్తే అదీ చెల్లదు.

గరికపాడు దాటితే తెలంగాణ కదా, వేరే రాష్ట్రానికి బిల్లు వేస్తున్నాం కదా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందేనా అని హడలిపోతుంటారు. సేవలు చేసేవాళ్లకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా అక్కర్లేదని 2017 అక్టోబరులోనే చెప్పేశారు. ఒకవేళ రిజిస్టరైనా, హైదరాబాదు హోటల్లో కట్టిన జీఎస్టీ అక్కడి రాష్ట్రానిది. ఇక్కడి రిజిస్ట్రేషన్‌లో దాని క్రెడిట్ రాదు. గది అద్దె మాట్లాడుకునేటప్పుడే ఆ పన్నూ కలిపి లెక్క చెప్పు.

టికెట్ల సంగతి ఇంకొకటి. మిషన్‌లోంచి వచ్చే ఆ పల్చటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. పర్సులో చెమటకు ఇంకా ముందే పోతాయి. ఏడాది చివర్లో తీసి చూస్తే తెల్లకాగితమే. బస్సు దిగకముందే ఫొటో తీసి, ఆ నెల పేరుతో ఫోల్డరులో వేసెయ్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు బెజవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు బీరువా అడుగు అరల్లో దాచుకున్న కాగితాలు ఎందరివో ముద్దయిపోయాయి. అందుకే ఆ ఫొటోలు ఒక్క ఫోనులోనే ఉంచకు, మెయిల్‌కీ పంపుకో.

రిటర్న్ వేసే ముందు పాన్ కార్డు మీదా, బ్యాంకు పాసుబుక్కు మీదా నీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకో. పెళ్లయ్యాక ఒకచోట పుట్టింటి ఇంటిపేరు, ఇంకోచోట అత్తింటిది ఉండిపోయి, రావాల్సిన రీఫండ్ ఆగిపోయినవాళ్లు నాకు తెలుసు. దిద్దించుకోవడానికి రోజులు పడుతుంది, ఈ వారమే మొదలుపెట్టు.